పోగు తెగితే మగ్గం ఆగాల

పోయిన నెల పత్రికలు పంచుకుంటా మాగడి రోడ్ సందుల్లో పోతా ఉంటే ఒకాయమ్మ నిలబెట్టి అడిగింది. "అన్నా, మీరు మిల్లులో మెకానిక్ పని చేసినోళ్లు గదా. మిషన్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోలేదంట. దానికి మా పిల్లోని జీతంలో 4,000 పట్టుకున్నారు. మిషన్లు మాట్లాడుకోకపోతే వీడేం చేస్తాడన్నా, పంచాయితీ చేస్తాడా?"

నవ్వొచ్చే మాటే. కానీ ఆమె నవ్వించడానికి అనలేదు. 4,000 అంటే ఆ ఇంటి బాడుగలో సగం.

పిల్లోడు ఐ.టి.ఐ. చదివినాడు. ఊరి బయట బట్టలు ఉతికి రంగులు వేసే ఒక యూనిట్‌లో రాత్రి షిఫ్టు. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి, వేన్నీళ్ల ట్యాంకు, ఈ రెండూ చూసుకోవాల. ఆ యూనిట్ పేరు రాయను, ఆ సామాన్లు అమ్మినోళ్ల పేర్లూ రాయను. జరిగింది మాత్రం రాస్తాను. మన ఇళ్లల్లో పిల్లోళ్లు చానామంది ఇప్పుడు ఇట్లాంటి పనుల్లోనే ఉన్నారు.

నేను మగ్గాల మెకానిక్‌ని. ఈ వైర్‌లెస్ సామాన్లు నా కాలంలో లేవు. మా అక్క కొడుకు పీణ్యాలో ప్యానెళ్ల వైరింగ్ చేస్తాడు, వానికి తెలుసు. ఒక ఆదివారం వాణ్ణి వెంటబెట్టుకొని పోయినాను. ఓనరు లోపలికి రానిచ్చినాడు. ఊరికే బాగు చేసి పెడతామంటే ఎవరు వద్దంటారు?

ట్యాంకు మామూలుదే. రంగు వెయ్యడానికి నీళ్లు 60 డిగ్రీలు ఉండాల. పత్తి బట్టకు వేసే రియాక్టివ్ రంగుల్లో చానావాటికి ఆ వేడి సరిపోతుంది. ట్యాంకులోకి ఆవిరి పైపు, దానికి ఒక వాల్వు. 60 కన్నా తక్కువుంటే ప్యానెల్ వాల్వు తెరుస్తుంది, 60 దాటితే మూస్తుంది. ప్యానెల్ ఒక కంపెనీది. మొదట్లో వేడి చూసే కడ్డీ నుంచి ప్యానెల్ దాకా వైరు ఉండేదంట. ఆవిరికి వైరు మాడిపోవడం, ఎలుకలు కొరకడం, నెలకోసారి ఇదే తంటా. అందుకని వైర్‌లెస్ సెన్సార్ పెట్టించినారు. అది రెండో కంపెనీది, బ్యాటరీతో నడుస్తుంది. నిమిషానికోసారి "ఇంత వేడి ఉంది" అని గాల్లో కబురు పంపుతుంది. ఆ కబురు పట్టుకొని ప్యానెల్‌కు అర్థమయ్యే భాషలో చెప్పడానికి మధ్యలో ఒక చిన్న పెట్టె, గేట్‌వే అంటారు. అది మూడో కంపెనీది.

ఆ రాత్రి సెన్సార్ బ్యాటరీ అయిపోయింది. గాల్లో కబురు ఆగిపోయింది. గేట్‌వే ఏం చేసింది? తనకు ఆఖరున వచ్చిన నంబర్‌నే పట్టుకొని ప్యానెల్‌కు చెప్తా ఉంది. 58, 58, 58. ప్యానెల్ ఏమనుకుంది? ఇంకా 60 రాలేదు, ఆవిరి వదలాల అనుకుంది. వాల్వు తెరిచే ఉంది. నీళ్లు మరిగినాయి, పొంగినాయి, ట్యాంకు పక్కన తడి బట్టలు మోసే ఒకమ్మ పాదం మీద పడినాయి. మూడు వారాలు మంచం మీదుంది ఆమె.

పిల్లోడు అరగంటకోసారి ప్యానెల్ చూసి పుస్తకంలో రాసినాడు. ఆ పేజీ నేను చూసినాను. పదిన్నరకు 58, పదకొండుకు 58, పదకొండున్నరకు 58. వాడు నిద్రపోలేదు, పని ఎగ్గొట్టలేదు. ప్యానెల్ చెప్పింది రాసినాడు.

ఓనరు అడిగిన మాట కూడా చెప్పాల. "రెండు గంటలు ఒకే నంబర్ ఉంటే అనుమానం రాలేదా?" అన్నాడు. ఆ మాటలో కొంచెం న్యాయం ఉంది. ఆవిరితో కాగే నీళ్లు ఒక అంకె మీద కదలకుండా నిలబడవు, పైకీ కిందికీ ఆడతా ఉంటాయి. ఇరవై ఏళ్లు బాయిలర్ దగ్గర నిలబడినోనికి ఆ కదలని అంకె చూడంగానే ఒళ్లు జలదరిస్తుంది. పోయి ట్యాంకు దగ్గర చెయ్యి పెట్టి చూస్తాడు. వీడు పనిలో చేరి 11 నెలలు. వీనికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. ముందున్న పాతాయన రిటైరైతే ఆ జాగాలో ఇంకొక పాతాయన్ని పెట్టలేదు, సెన్సార్ పెట్టినారు.

మేనల్లుడు అక్కడి నుంచే ముగ్గురికీ ఫోన్ చేసినాడు. ప్యానెల్ అమ్మినాయన: "నాకు 58 వచ్చింది, 58కి చెయ్యాల్సిన పని చేసినాను." గేట్‌వే ఆయన: "నాకు ఆఖరున వచ్చింది నేను ఇచ్చినాను." సెన్సార్ ఆయన ఇంకా గట్టోడు: "బ్యాటరీ అయిపోతా ఉందని వారం ముందే ఫోన్‌కు మెసేజ్ పంపినాం." ఆ ఫోన్ ఎవరిది? పని మానేసి పోయిన పాత సూపర్‌వైజర్‌ది. ముగ్గురి మాటా నిజమే. ముగ్గురిదీ తప్పు లేదంట, పాదం కాలింది ఇంకొకరిది, జీతం పోయింది మరొకరిది.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో నాకు మా డ్రాప్ పిన్నులు గుర్తొచ్చినాయి. మగ్గాల ఖాతాలో చేసినోళ్లకు చెప్పనక్కర్లేదు, ఇంట్లో పిల్లోళ్లకు చెప్తాను. మగ్గం మీద పడుగు పోగులు వేలకొద్దీ ఉంటాయి. పోగు పోగుకీ ఒక సన్న ఉక్కు రేకు తగిలించి ఉంటుంది. బిగువుగా ఉన్న పోగే ఆ రేకును పైకి ఎత్తి పట్టుకొని ఉంటుంది. పోగు తెగిందంటే రేకు కింద పడుతుంది, పడంగానే మగ్గం ఆగుతుంది. పోగు తెగినాక "నేను తెగినాను" అని కబురు పంపాల్సిన పని లేదు. తెగిన పోగు ఏం కబురు పంపుతుంది? అది ఉంటేనే మగ్గం నడుస్తుంది, లేకపోతే ఆగుతుంది.

జపాన్‌లో టొయోడా సాకిచి అనే ఆయన 1924లో చేసిన జి రకం మగ్గం పేరు పొందింది దీనికే. పోగు తెగితే తానే ఆగేది, నూలు అయిపోతే నాడా తానే మార్చుకునేది. 1929లో ఆ మగ్గం హక్కులను ఇంగ్లాండులోని ప్లాట్ బ్రదర్స్ కొనుక్కున్నారు. ప్లాట్ అనే పేరు పాత మిల్లుల్లో చేసినోళ్లకు మిషన్ల మీద చూసిందే. ఆ టొయోడా కుటుంబమే తర్వాత కార్ల కంపెనీ పెట్టింది. మన బిడదిలో ఉన్న టొయోటా కార్ఖానా మూలం మగ్గమేనంటే మా మనవడు నమ్మలేదు.

నూరేళ్ల కిందటి మగ్గానికి తెలిసిన సంగతి, ఆ రాత్రి మూడు కంపెనీల సామాన్లు కలిపితే కూడా తెలీలేదు. ఎందుకు తెలీలేదో మేనల్లుడు రెండు ఆదివారాలు నాకు చెప్పినాడు. అర్థమైనంత రాస్తాను.

గేట్‌వే, ప్యానెల్ మాట్లాడుకునే భాష పేరు మాడ్‌బస్. 1979లో అమెరికాలో మాడికాన్ అనే కంపెనీ తమ కంట్రోలర్ల కోసం చేసుకుంది. ఎట్ల మాట్లాడాలో అందరికీ తెలిసేటట్టు బయట పెట్టినారు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు. అందుకే ఇన్నేళ్లకు కూడా పీణ్యాలో ఏ షెడ్డుకు పోయినా అదే. నంబర్లు వేసిన గూళ్లు అనుకోండి. ఏడో గూట్లో ఏముంది అని ఒకరు అడుగుతారు, 582 ఉంది అని ఇంకొకరు చెప్తారు. అంతే. ఆ 582 డిగ్రీలా, లీటర్లా, చెప్పదు. 58.2ను పదితో హెచ్చవేసి 582 అని పెట్టినారని అవతలోనికి ముందే తెలిసుండాల. ఒక కంపెనీ గూళ్లను ఒకటి నుంచి ఎంచుతుంది, ఇంకొక కంపెనీ సున్న నుంచి ఎంచుతుంది. ఒక గూడు పక్కకు పోతే వేడి అడిగినోనికి బ్యాటరీ అంకె వస్తుంది. మా వాడు రాత్రిళ్లు ఇంటికి రాకుండా పోయేది ఎక్కువగా ఈ గూళ్ల లెక్క తోనే అంట.

అసలు లోపం ఇంకొకటి. మాడ్‌బస్ గూట్లో అంకె ఉంటుంది గానీ, ఆ అంకె ఎప్పటిదో ఉండదు, దాన్ని నమ్మొచ్చో లేదో ఉండదు. 1996లో వచ్చిన ఓ.పి.సి. అనే పద్ధతిలో మూడూ కలిసి వస్తాయి: అంకె, అది మంచిదా కాదా, ఏ టైముది. వాళ్లు బుద్ధిగా ఆలోచించినారు. కానీ మంచి భాషలో వచ్చిన కబురును గేట్‌వే పాత భాషలోకి మార్చేటప్పుడు మిగతా రెండూ రాలిపోయి ఉత్త అంకె మిగలొచ్చు. మన ట్యాంకు దగ్గర జరిగింది అదే. సెన్సార్ మూగబోయిందని గేట్‌వేకు తెలుసు. దాని మీద ఎర్ర లైటు కూడా వెలిగే ఉంది, గోడ మీద, స్టోర్ రూములో, తలుపు వెనకాల.

గాల్లో పోయే కబుర్ల భాషలు వేరే ఉన్నాయి. పెద్ద ఫ్యాక్టరీల్లో వాడేవాటిలో వైర్‌లెస్ హార్ట్ 2007లో వచ్చింది, ఐ.ఎస్.ఏ.100 అనేది 2009లో వచ్చింది. రెండింటికీ రేడియో ఒకటే రకం, 802.15.4 అంటారు, గాలిలో జాగా కూడా ఒకటే, 2.4 గిగాహెర్ట్జ్. అయినా ఒకటి చెప్పింది ఇంకొకదానికి అర్థం కాదు. ఒకే బావిలో నీళ్లు తోడుకుంటా పలకరించుకోని తోడికోడళ్ల లాగ. రెండింటినీ కలపాలని కమిటీలు కూర్చున్నాయి. రెండింటికీ అంతర్జాతీయ స్టాండర్డ్ ముద్ర పడింది, 2010లో ఒకదానికి, 2014లో ఇంకొకదానికి. అవి రెండుగానే ఉన్నాయి. ఎవరి సామాన్లు వాళ్లవే అమ్ముడుపోవాలనే ఆశ లేకుండా ఇట్ల అవుతుందా? నాకు అనుమానమే.

మా మిల్లులో జాబర్ తమిళాయన, గుమాస్తా కన్నడాయన, మగ్గాల మీద సగం మంది మనోళ్లు. ఆ చప్పుడులో ఏ భాషా వినిపించేది కాదు. రెండు వేళ్లు కత్తెర లాగ ఆడిస్తే పోగు తెగిందని, అరచెయ్యి బోర్లిస్తే మగ్గం ఆపమని. కొత్తగా చేరినోనికి మొదటి దినమే నేర్పించేది ఆ రెండో సైగ. ఆపమనే సైగ ముందు, మిగతావి తర్వాత.

వేరే వేరే కంపెనీల వైర్‌లెస్ సామాన్లు కలిసి పని చెయ్యడం కాని పనేం కాదు. మనం ఎక్కే రైళ్లలోనే ఉంది. కవచ్ అని పేపర్లో చదివుంటారు. ఇంజిన్లో ఒక పెట్టె, స్టేషన్లో ఒక పెట్టె, పట్టాల నడుమ స్లీపర్ల మీద చిన్న చిన్న ట్యాగులు. ఇంజిన్ తాను ఎక్కడుందో ట్యాగు చూసి తెలుసుకుంటుంది, రేడియోలో స్టేషన్‌కు చెప్తుంది. ఎంత దూరం పోవచ్చో స్టేషన్ రేడియోలో చెప్తుంది. డ్రైవర్ మరిచిపోయినా ఆ హద్దు దగ్గర బ్రేక్ తానే పడుతుంది. దీన్ని మొదట చేసి ఇచ్చిన కంపెనీలు మూడు: మేధా, హెచ్.బి.ఎల్., కెర్నెక్స్. మూడూ హైదరాబాదువే, మూడూ పోటీ కంపెనీలే. ఒక కంపెనీ పెట్టె ఉన్న ఇంజిన్ ఇంకొక కంపెనీ పెట్టె ఉన్న స్టేషన్‌లోకి రావాల్సిందే గదా. అప్పుడు "మా పెట్టె మాట దానికి అర్థం కాలేదు" అంటే కుదురుతుందా? అందుకని భాష ఏదో కంపెనీలకు వదల్లేదు. లక్నోలో ఉన్న రైల్వే పరిశోధన సంస్థ ఆర్.డి.ఎస్.ఓ. రాసి పెట్టింది, అందరూ దాని ప్రకారమే చెయ్యాల. 2016 ఫిబ్రవరిలో దక్షిణ మధ్య రైల్వేలో ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షలు మొదలైనాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ తానే ఇంజిన్లో కూర్చొని ఎదురుగా ఇంకొక ఇంజిన్ పెట్టించి చూసినారు. 380 మీటర్ల దూరంలోనే తానంతట తాను ఆగింది. అది లేని దారిలో ఏమవుతుందో 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర చూసినాం, ఒక ప్యాసింజర్ వెనక ఇంకొకటి గుద్దుకొని 14 మంది పోయినారు.

రైల్వేకు కొనే శక్తి ఉంది, అందుకని మూడు కంపెనీలనూ ఒకే భాష మాట్లాడించింది. ఊరి బయట ఒక చిన్న షెడ్డు ఓనరుకు ఆ శక్తి లేదు. ఆయన మాట మూడు కంపెనీల్లో ఎవరు వింటారు? అది కూడా ఒప్పుకోవాల.

సరే, మేనల్లుడు ఏం చేసినాడో చెప్తాను. సెన్సార్ మూడు నిమిషాలు మూగబోతే ప్యానెలే వాల్వు మూసేటట్టు ప్రోగ్రాము మార్చాలని మొదట అనుకున్నాడు. మార్చనీలేదు. ప్రోగ్రాముకు పాస్‌వర్డ్ వేసి పెట్టినారు, అది అమ్మినోళ్ల దగ్గరే ఉంది. మనిషిని పంపాలంటే వేరే డబ్బులంట. డబ్బులిచ్చి కొన్న ప్యానెల్, తాళం చెవి మాత్రం వాళ్ల దగ్గర! మా వాడు కాసేపు తిట్టుకున్నాడు, తర్వాత గేట్‌వే పుస్తకం తిరగేసినాడు. కబురు ఆగిపోతే ఏ అంకె పంపాలో గేట్‌వేలో మనమే పెట్టుకోవచ్చని అందులో ఉంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు "పాత అంకెనే ఉంచు" అని పెట్టి పంపినారు, ఎవరూ ముట్టలేదు. దాన్ని మార్చి 999 పెట్టినాడు. అంటే ప్యానెల్‌కు 99.9 డిగ్రీలు. సెన్సార్ మూగబోయిన మూడు నిమిషాలకు ప్యానెల్ నీళ్లు మరుగుతున్నాయనుకొని ఆవిరి మూసేస్తుంది, హారన్ కొడుతుంది. అబద్ధమే, కానీ కాళ్లు కాల్చని అబద్ధం.

ఇంకొకటి నేను పట్టుబట్టి పెట్టించినాను. పాతకాలం థర్మోస్టాట్, రేడియో లేదు, బ్యాటరీ లేదు, భాష లేదు. ట్యాంకుకు బిగించి దాని వైరును నేరుగా ఆవిరి వాల్వు కరెంటు దారిలోనే కలిపినాం. 75 డిగ్రీలు దాటితే కరెంటు తెగుతుంది. ఆ వాల్వు కరెంటు ఉంటేనే తెరుచుకునే రకం, లేకపోతే స్ప్రింగు మూసేస్తుంది. ఆ వైరు కూడా మాడితే, ఎలుక కొరికితే? కరెంటు తెగినట్టే, ఆవిరి ఆగినట్టే. మొత్తానికి రెండు వేలు కూడా కాలేదు.

తర్వాత సెన్సార్ బ్యాటరీ ఊడదీసి గడియారం పట్టుకొని నిలబడినాం. మూడు నిమిషాల చిల్లరకు హారన్ మోగింది. పిల్లోడు చెవులు మూసుకోలేదు, అట్లనే చూస్తా నిలబడినాడు.

మీ ఇంట్లో ఇట్లాంటి చోట పని చేసే పిల్లోళ్లుంటే వాళ్లను ఒక ప్రశ్న అడగమనండి, సామాను బిగించడానికి వచ్చినాయన్ని: "ఇది మూగబోతే అవతల ఏం జరుగుతుంది?" నోటితో చెప్తే సరిపోదు, బ్యాటరీ తీసి చూపించమనాల. అలారం మెసేజ్‌లు ఎవరి ఫోన్‌కు పోతాయో అది కూడా. పని మానేసి పోయినోళ్ల ఫోన్లకు ఎన్ని కంపెనీల హెచ్చరికలు పోతా ఉన్నాయో ఈ ఊర్లో!

కాలిన ఆమె సంగతి. ఆమెకు ఇ.ఎస్.ఐ. ఉంది. పని చోట దెబ్బ తగిలి కనీసం మూడు దినాలు పనికి పోలేకపోతే, పోలేని దినాలకు జీతంలో 90 శాతం లెక్కన ఇ.ఎస్.ఐ. ఇస్తుంది. కానీ యూనిట్ వాళ్లు ప్రమాదం జరిగిందని రిపోర్టు పంపాల. పంపలేదు. మామూలు సెలవు అని రాసినారు. ఇప్పుడు ఆమె భర్త, నేను కలిసి దాని వెనక తిరుగుతా ఉన్నాం. డాక్టర్ చీటీలు అన్నీ ఉన్నాయి.

పిల్లోని 4,000 ఇంకా రాలేదు. నష్టం పేరు చెప్పి జీతం పట్టుకోవాలంటే ముందు పనివాణ్ణి పిలిచి నీ జవాబేంది అని అడగాల, చట్టం అదే చెప్తుంది. వీణ్ణి అడగలేదు. వచ్చే జీతంలో చూస్తాలే అన్నాడు ఓనరు, నా ఎదురుగానే. ఆ 58ల పేజీని ఫోటో తీసి పెట్టుకోమని చెప్పినాను పిల్లోనికి. నా ఫోన్‌లో కూడా ఒకటి ఉంది.